కోడి ఓడిన కథ: రెండు పాత సాక్ష్యాల పరిశీలన

కోడిపందెం తెలుగువారి అనాది సంప్రదాయమని వాదించేవారు సాహిత్యం నుంచి సాధారణంగా రెండు సాక్ష్యాలు చూపుతారు. ఒకటి క్రీడాభిరామం, రెండవది పల్నాటి వీరుల కథ. సంక్రాంతి దగ్గరపడిందంటే చాలు, ఈ రెండు పేర్లు పత్రికల్లోను, టెలివిజన్‌లోను, ఇప్పుడు అందరి చేతుల్లోని ఫోన్లలోను వినిపిస్తాయి. పేర్లు వినిపించినంతగా ఆ రచనల్లో ఏముందన్నది వినిపించదు. సాక్షిని పిలిచి, నిలబెట్టి, వాఙ్మూలం తీసుకోకుండానే పంపివేసినట్లుగా ఉంటుంది ఈ వ్యవహారం. ఆ వాఙ్మూలం వినడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పని ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవారికంటే మనకు ఎక్కువ అవసరమని మేము భావిస్తున్నాము. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థికి తెలుగు సంస్కృతి ఒక కట్టకట్టిన మూటలాగా అందుతుంది. అందులో ముగ్గు, గొబ్బెమ్మ, గంగిరెద్దు, హరిదాసు, అరిసెలతోబాటు కత్తికట్టిన కోడిపుంజు కూడా ఉంటుంది. అక్కడివారు ఆ మూటలోంచి నచ్చినది తీసుకొని నచ్చనిదానితో తగవు పడగలరు. తగవు పడ్డంతమాత్రాన వారి తెలుగుతనాన్ని ఎవరూ శంకించరు. దూరాన ఉన్నవారికి ఆ వెసులుబాటు తక్కువ. మూటలో ఒకటి వద్దంటే మూటనే వద్దన్నట్లవుతుందేమోనన్న బెరుకు ఉంటుంది. ఆ బెరుకు పోవాలంటే ముందు మూట విప్పి చూడాలి.

ఒక పగలు, ఒక నగరం

క్రీడాభిరామం వీథి అనే రూపకభేదానికి తెలుగులో దొరికిన అరుదైన ఉదాహరణ. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామం దీనికి మూలం. వినుకొండ వల్లభరాయుడి పేర ప్రసిద్ధమైన ఈ కృతి శ్రీనాథుడిదేనన్న వాదమూ ఉంది. ఆ చర్చ ఇక్కడ మనకు అవసరం లేదు. గోవింద మంచనశర్మ, అతడి మిత్రుడు టిట్టిభసెట్టి కాకతీయుల ఓరుగల్లులో తిరుగుతూ చూసిన వింతలే ఇందులోని వస్తువు. సంత, పూటకూళ్ళ ఇల్లు, వేశ్యవాటిక, ఏకవీర గుడి, పొట్టేళ్ళ పోట్లాట, కోళ్ళ పోట్లాట, ఆటగాళ్ళు, పాటగాళ్ళు వరుసగా కళ్ళముందుకు వస్తారు.

ఇందులో కోడిపందెం ఉన్నమాట నిజం. కాబట్టి ఆ కాలానికే అది నగరవాసులకు తెలిసిన వేడుక అని చెప్పడానికి ఈ గ్రంథం సాక్ష్యమే. అంతకు ముందటిదైన కేతన దశకుమారచరిత్ర కూడా ఇటువంటి సాక్ష్యమే. దండి సంస్కృత కథను తెలుగు చేసిన ఆ కావ్యంలో ప్రమతి ఒక కోళ్ళపందెం దగ్గరే ఒక ముసలి బ్రాహ్మణుడితో స్నేహం కలుపుకొంటాడు. ఆ స్నేహమే తరువాత అతడికి రాజకుమారి దక్కడానికి దారి చూపుతుంది. కథకు పందెం ఒక కూడలివంటిది. ఎరగనివారు ఒకచోట నిలబడి, ఒకే వైపు చూస్తూ మాట కలుపుకోవడానికి అది పనికివచ్చింది.

అయితే ఒక వేడుక ఉండేదని చెప్పడం వేరు, అది జాతి గౌరవానికి గుర్తని చెప్పడం వేరు. క్రీడాభిరామం మొదటిదే చెబుతుంది. ఇద్దరు మిత్రులు ఒకచోట ఆగి చూస్తారు, మాట్లాడుకుంటారు, మరొకచోటికి సాగిపోతారు. కోడి దగ్గర ఆగిన కన్నే పూటకూళ్ళమ్మ దగ్గరా ఆగుతుంది. పచ్చి హాస్యం, శృంగారం, వెక్కిరింత కలగలిసిన ఆ చూపు దేనినీ పూజాపీఠం మీద కూర్చోబెట్టదు. కోడిపందెం క్రీడాభిరామంలో ఉంది కనుక పవిత్రమని అనేవారు, అదే లెక్కన ఆ పుస్తకంలోని వేశ్యవాటికను కూడా పవిత్రమని ఒప్పుకోవలసివస్తుంది. ఆ పని ఎవరూ చేయరు.

మేము ప్రత్యేకంగా గమనించమని కోరేది మరొకటి ఉంది. అదే ఓరుగల్లు వీథిలో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథను ద్విపదలో, వాద్యపు దరువుతో, ఆవేశంగా పాడుతూ కనిపిస్తుంది. పల్నాటి కథ అప్పటికే జనం నోట పాటగా ప్రచారంలో ఉందనడానికి ఈ ఘట్టాన్ని పండితులు సాక్ష్యంగా చూపుతూ వచ్చారు. కాని కోడిపందెం గురించి ఆలోచించేవారు ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి చూడటం అరుదు. ఒకే పుస్తకంలో ఒకచోట కోళ్ళు వినోదం కోసం పోట్లాడుతున్నాయి. మరొకచోట, కోళ్ళ పోరుతో ముదిరి ఒక సీమను శ్మశానం చేసిన వైరాన్ని పాటగా పాడుతున్నారు. ఆట, ఆట మీద హెచ్చరిక ఒకే నగరంలో జనానికి అందుబాటులో ఉన్నాయి. ఆ రెంటినీ కలిపి చూడమని గ్రంథకర్త చెప్పలేదు. చదివే మనం చూడవచ్చు.

పందెం ఒప్పుకున్నది ఎవరు?

పల్నాటి కథను క్లుప్తంగా గుర్తుచేసుకుందాం. 12వ శతాబ్దిలో పలనాడు రెండుగా చీలింది. గురజాలలో నలగామరాజు, అతడికి మంత్రిణి నాయకురాలు నాగమ్మ. మాచర్లలో నలగాముడి సవతి తమ్ముడు మలిదేవుడు, అతడి పక్షాన బ్రహ్మనాయుడు. రెండు రాజ్యాల నడుమ పోటీ కోళ్ళ పోరుగా తేలింది. నాగమ్మ పుంజు సివంగిడేగ, బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు అని కథ చెబుతుంది. ఓడినవారు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలన్నది ఒడంబడిక. మాచర్లవారి కోడి ఓడింది. మలిదేవాదులు పరివారంతో, పశువుల మందలతో తరలిపోయారు. మండాదిలో మంద మీద దాడి జరిగింది, మంద కాచిన లంకన్న చనిపోయాడు. ఏడేళ్ళు గడిచాక రాజ్యభాగం అడగడానికి రాయబారం వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలి అయ్యాడు. చివరికి కార్యమపూడి, అంటే నేటి కారంపూడి, రణరంగమైంది.

పాచికలలో ఓడి అడవికి పోయిన పాండవుల కథతో దీనికి ఉన్న పోలిక స్పష్టం. ఆ పోలిక వల్లనే దీనిని ఆంధ్రుల భారతమని అనడం పరిపాటి అయింది. పోలికతోబాటు భేదాన్నీ గమనించాలి. భారతంలో ధర్మరాజు తానే కూర్చొని ఆడతాడు. పాచిక చేతిలోనిది కనుక తప్పు చేతిది, మనిషిది. సభలో ద్రౌపది వేసిన ప్రశ్న ఆ మనిషిని నేరుగా తాకుతుంది. పల్నాటి కథలో ఆట ఆడేది మనిషి కాదు. రెండు పక్షులను బరిలోకి వదిలి, మనుషులు చుట్టూ నిలబడ్డారు. ఓడింది ఎవరంటే కోడి అని జవాబు. రాజ్యం పోగొట్టింది ఎవరంటే మళ్ళీ కోడే.

ఈ కథలో అన్నిటికంటె భయంకరమైనది ఇదేనని మాకు తోస్తుంది. రెండు రాజ్యాల తగవును తీర్చుకోలేని పెద్దలు, ఆ తగవు భారాన్ని మాట రాని ప్రాణి మీద వేశారు. దానివల్ల ఇరుపక్షాలకూ ఒక సౌకర్యం కలిగింది. గెలిచినవారు న్యాయంగా గెలిచామనవచ్చు, ఓడినవారు మోసపోయామనవచ్చు. తీర్పు చెప్పిన పక్షి నోరు విప్పదు.

ప్రచారంలో ఉన్న చాలా కథనాలు నాగమ్మ కపటంతో గెలిచిందనే చెబుతాయి. ఆ మాట ఒప్పుకొన్నా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. పోరులో మోసం జరిగి ఉండవచ్చు, పందేనికి ఒప్పుకోవడం మోసం వల్ల జరగలేదే! బ్రహ్మనాయుడు సామాన్యుడు కాడు. చాపకూడు పేరుతో అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన సంస్కర్తగా, మాల కన్నమదాసును కొడుకుగా, సేనానిగా ఆదరించినవాడుగా కథ అతడిని కీర్తిస్తుంది. అంతటివాడు తనను నమ్ముకున్న జనం ఏడేళ్ళ బతుకును ఒక పుంజు కాలికి కట్టాడు. పందెం కాసిన పెద్దలు వేళ్ళ మీద లెక్కించదగినవారు. ఆలమందలను తోలుకొంటూ, పిల్లలను చంకన వేసుకొని దారిపట్టినవారిని ఎవరూ అడగలేదు. తప్పంతా నాగమ్మ మీద పెట్టే పఠనం ఈ ప్రశ్నను కప్పిపెడుతుంది. బ్రహ్మనాయుడి గొప్పతనాన్ని తక్కువ చేయడం మా అభిమతం కాదు. గొప్పవాడిని కూడా పందెం ఎంత చిన్నవాడిని చేస్తుందో కథే చూపుతోందని మాత్రం చెప్పదలిచాము.

ఈ కథ పుస్తకానికి ఎక్కిన తీరునూ విద్యార్థులు తెలుసుకోవాలి. 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించిన శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్రలో ప్రధానంగా ఉన్నది బాలచంద్రుడి యుద్ధం. వంశగాథల నుంచి కోడిపోరు, వలస, రాయబారం, యుద్ధం దాకా సాగే కథను కాపాడినవారిలో ముఖ్యులు పిచ్చుగుంట్లవారు, మాల విద్యావంతులు మొదలైన గాయకులు. 1982లో జీన్ రోఘేర్ ఇంగ్లీషులో ప్రకటించిన పల్నాటి ఇతిహాసం అటువంటి గాయకుడి నోటి కథ మీద ఆధారపడినదే. అంటే, కోడిపోరు కథను మనకు అందించడంలో పెద్ద పాత్ర బరి చుట్టూ కూర్చున్న దొరలది కాదు. ఊరి అంచున బతికిన పాటగాళ్ళది.

కారంపూడిలో కార్తిక మాసపు చివర జరిగే వీరుల ఉత్సవాలలో ఆ పాటగాళ్ళ వివేకం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఐదు రోజుల ఆ ఉత్సవానికి రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని పేర్లు. కథాక్రమంలో కోడిపోరు ముందు, మందపోరు తరువాత, రాయబారం ఆ తరువాత రావాలి. ఉత్సవక్రమం అలా లేదు. కోడిపోరు నాలుగో నాటిది. దాని మర్నాడే కళ్ళిపాడు, వీరులు నేలకొరిగిన ఘట్టం. కథలో కోడికి, చావుకు మధ్య ఏడేళ్ళ ఎడం ఉంది. ఉత్సవంలో ఒక్క రాత్రి ఎడం ఉంది. ఈ క్రమం ఎందుకు ఏర్పడిందో ఆచారం చెప్పదు. చూసేవారికి మాత్రం అర్థం దాపరికం లేకుండా తెలుస్తుంది. కోడిపోరును తలచుకోవడమంటే శవాలను తలచుకోవడమే. సంక్రాంతి వేడుకకు పల్నాటి కథను పూర్వరంగంగా చూపేవారు ఈ నాలుగో రోజును, ఐదో రోజును కలిపి చూపాలి.

బాలి బరి, పలనాటి బరి

కోడిపందెం మీద ప్రపంచమంతటా చదివే వ్యాసం ఒకటుంది. అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ బాలి ద్వీపంలోని పందేలను గురించి 1972లో ప్రకటించినది. మన విశ్వవిద్యాలయాల్లో మానవశాస్త్రం, జానపద విజ్ఞానం చదివేవారికి పరిచితమే. డబ్బు ఎంత ఎక్కువగా కాస్తే ఆట అంత లోతవుతుందనీ, ఆ లోతులో నిజంగా పణంగా ఉన్నది డబ్బు కాదు, పరువు అనీ ఆయన వాదం. అసలు పందెం ఒక తీరుగా, చుట్టూ జరిగే పైపందేలు మరొక తీరుగా ఎలా నడుస్తాయో ఆయన చేసిన వర్ణన చదివితే గోదావరి జిల్లాల బరి చూసినవారు కూడా తల ఊపుతారు. అయితే పందెం ముగిశాక ఎవరి అంతస్తూ నిజంగా మారదని ఆయన గట్టిగా చెబుతారు. క్షణకాలం ఒకరి పరువు పెరిగినట్లు, మరొకరిది తగ్గినట్లు ఉంటుంది. తరువాత అందరూ యథాస్థానానికి వస్తారు. ఆయన దృష్టిలో అది ఒక సమాజం తన గురించి తాను చదువుకునే కథ వంటిది.

పల్నాటి కథ ఈ సిద్ధాంతానికి ఎదురు నిలుస్తుంది. ఇక్కడ పందెం తరువాత ఎవరూ యథాస్థానానికి రాలేదు. రాజు రాజు కాకుండా పోయాడు, ఊరు ఊరు కాకుండా పోయింది. గీర్ట్జ్ చూసినది ఆట. మన గాయకులు పాడినది, ఆట హద్దు దాటి నిజమైపోయిన సందర్భం. ఏది సరి అన్నది ప్రశ్న కాదు. బాలిలో ఆయన చూసింది బాలికి సరిపోవచ్చు. తెలుగు విద్యార్థి ఆ వ్యాసాన్ని తెచ్చి మన కథకు తొడిగితే మాత్రం పిడికిలికి చిన్న గాజు తొడిగినట్లవుతుంది. మన కథ ఇంకో మాట చెబుతోంది: పరువు కోసమని మొదలుపెట్టిన ఆట పరువు దగ్గర ఆగదు.

రెండవ భేదం నాగమ్మ. కోడిపందెం పూర్తిగా మగవాళ్ళ లోకమని, పుంజు మగతనానికి మారురూపమని గీర్ట్జ్ సూచించారు. 1994లో కోడిపందెం మీది వ్యాసాలను సంకలనం చేసిన అలన్ డండిస్ ఆ సూచనను మరీ దూరం తీసుకువెళ్ళారు. మన కథలో మాత్రం పందెం కట్టి గెలిచినది ఒక ఆడది, అదీ మంత్రి పదవిలో ఉన్నది. మగవాళ్ళ ఆటలో మగవాళ్ళను ఓడించిన స్త్రీని కథ ఎలా తలచుకుంటుంది? ఆమె గెలుపును కపటమంటుంది. బ్రహ్మనాయుడి పక్షం గెలిచి ఉంటే అది శౌర్యం కింద జమ అయ్యేది. నాగమ్మ దుర్మార్గురాలా, రాజనీతిజ్ఞురాలా అన్న చర్చ తెలుగులో చాలా కాలంగా నడుస్తోంది. కోడిపోరు ఘట్టాన్ని ఆ చర్చకు కేంద్రంగా పెట్టుకొని చదివితే కొత్త సంగతులు బయటపడతాయని మా నమ్మకం.

శాస్త్రం పేరిట ఊరట

పందేల లోకానికి తనదైన శాస్త్రం ఉంది. కుక్కుటశాస్త్రమని దానికి పేరు. ఈకల రంగును బట్టి పుంజులకు కాకి, డేగ, నెమలి, సవల, పర్ల, సేతువ, పింగళి, మైల, కొక్కిరాయి, అబ్రాసు, రసంగి వంటి పేర్లు ఇందులో కనిపిస్తాయి. నల్లది కాకి, ఎర్రది డేగ, తెల్లది సేతువ అని స్థూలంగా చెప్పుకోవచ్చు. కలగలుపు రంగులకు కాకిడేగ, కాకినెమలి వంటి జంటపేర్లు. ఏ వారాన, ఏ జామున, ఏ నక్షత్రాన, ఏ దిక్కుగా వదిలితే ఏ రంగు ఏ రంగును గెలుస్తుందో ఈ శాస్త్రం లెక్క కడుతుంది. తమిళనాట ఉన్న విద్యార్థులు దీనిని అక్కడి పంచపక్షి శాస్త్రంతో పోల్చి చూడవచ్చు. గద్ద, గుడ్లగూబ, కాకి, కోడి, నెమలి అనే అయిదు పక్షులకు తినడం, నడవడం, ఏలడం, నిద్రించడం, చావడం అనే అయిదు అవస్థలను కాలంతో ముడిపెట్టే పద్ధతి అది. రెంటికీ ఉన్న బంధుత్వం మంచి పరిశోధన విషయం.

భాషాదృష్టితో చూస్తే ఇది గని. ఒక పక్షి ఈకల్లో ఇన్ని ఛాయలను వేరుచేసి చూసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టిన కన్ను సామాన్యమైనది కాదు. బరి మాటలు కూడా ఉన్నాయి: పుంజును ముందుగా చూపి కట్టే చూపుడు పందెం, కప్పి తెచ్చి కట్టే ముసుగు పందెం, కత్తి లేకుండా ఆడించే డింకీ పందెం. వీటిని నిఘంటువులకు ఎక్కించవలసిందే. పందెం వద్దనేవారు మాటలు కూడా వద్దనరాదు.

కాని భావదృష్టితో చూస్తే ఈ శాస్త్రం చేసే పని మరొకటి ఉంది. కోడి ఓడితే జాము చెడ్డది, దిక్కు చెడ్డది, రంగుకు రంగు పడలేదు. కాసినవాడి తప్పు ఎక్కడా ఉండదు. పల్నాటి పెద్దలు తప్పును కోడి మీదికి నెట్టారు. శాస్త్రం దానిని కోడి మీంచి కూడా తీసి నక్షత్రం మీదికి నెట్టింది. అప్పులపాలైన కుటుంబానికి నక్షత్రం జవాబు చెప్పదు. మళ్ళీ ఏడు మంచి జాము చూసి కాయమని మాత్రం చెబుతుంది.

తెర మీది పుంజు

పల్నాటి యుద్ధం తెలుగులో రెండుసార్లు సినిమాగా వచ్చింది. 1947లో గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన చిత్రంలో కన్నాంబ, 1966 చిత్రంలో భానుమతి నాగమ్మ పాత్ర ధరించారు. ఆ పాత్రకు ఇటువంటి నటీమణులను ఎంచుకోవడమే, నాగమ్మ చిన్న ప్రతినాయిక కాదని పరిశ్రమ ఒప్పుకున్నట్లు. ఆ తరువాతి దశాబ్దాల వాణిజ్య చిత్రాల్లో పందెం పండుగ దృశ్యానికి అలంకారంగా మారింది. పచ్చని పొలం, కొత్త బట్టలు, కేకలు, గాలిలోకి ఎగిరే రెండు పుంజులు. ఎవరు ఏం పోగొట్టుకున్నారో తెర చెప్పదు. 2005 నాటి తమిళ చిత్రం సండకోళి తెలుగులో పందెం కోడి పేరుతో వచ్చి ఆదరణ పొందింది. అది కోడిపందేల కథ కాదు. అక్కడ కోడి అంటే వెనుదీయని కథానాయకుడు. పుంజు మనిషికి బిరుదై, పుంజుగా మాయమైంది.

2011 సంక్రాంతికి తమిళంలో వచ్చిన ఆడుకళం ఇందుకు భిన్నమైనది. వెట్రిమారన్ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి ఆరు జాతీయ పురస్కారాలు వచ్చాయి. కథాస్థలం మదురై. పేట్టైకారన్ అనే వృద్ధ గురువు, కరుప్పు అనే శిష్యుడు. గురువు పనికిరాదని తీసివేయమన్న కోడిని శిష్యుడు దాచి, పెంచి, బరిలో గెలిపిస్తాడు. గెలుపుతో గురువు పరువు పెరగవలసింది. పెరగలేదు, అసూయ పుట్టింది. శిష్యుడి బతుకును గురువు చాటుగా కూలుస్తాడు. నిజం బయటపడ్డాక ప్రాణం తీసుకుంటాడు. శిష్యుడు గురువు మచ్చను బయటపెట్టకుండా, నింద తన మీద వేసుకొని, ప్రేమించిన అమ్మాయితో ఊరు విడిచిపోతాడు.

ఈ ముగింపును పల్నాటి కథ పక్కన పెట్టండి. అక్కడ కోడి ఓడి మనుషులు ఊరు విడిచారు. ఇక్కడ కోడి గెలిచి మనిషి ఊరు విడిచాడు. ఎనిమిది శతాబ్దాల ఎడం, రెండు భాషలు, సంబంధం లేని రెండు కథలు ఒకే ముగింపుకు వచ్చాయి. బరిలో పణంగా పెట్టేది చివరికి మనిషి కాలికింద నేలనే అన్న ఎరుక రెంటిలోనూ ఉంది. తమిళనాడులోని మన విద్యార్థులు రెండు భాషలూ ఎరిగినవారు. ఈ పోలికను విస్తరించి రాయగల అర్హత వారికే ఉంది.

మన చుట్టూ ఉన్న బరులు

కోడిపోరు తెలుగువారి సొత్తు కాదని చెప్పడానికి మనకు పుస్తకాలు అక్కరలేదు, చుట్టూ చూస్తే చాలు. దక్షిణ కన్నడ, ఉడుపి ప్రాంతాల తుళువులకు కోరికట్ట ఉంది. అక్కడ దానికి భూతారాధనతో, ఊరి కోలాలతో సంబంధం. దక్షిణ ఒడిశాలోను, బస్తరులోను ఆదివాసుల సంతల్లో కోళ్ళ పోట్లాట వారపు వేడుక. తమిళంలో సంగం కవులలో ఒకరికి పెంటకోళ్ళ పోరును ఉపమానంగా వాడినందుకు కుప్పైక్కోళియార్ అన్న పేరే నిలిచిపోయింది. విడదీయడానికీ, ఉసిగొల్పడానికీ ఎవరూ లేక తమంతట తాము పోరాడి అలిసే కోళ్ళతో ఆయన నాయిక వేదనను పోల్చాడు. ఒక్కొక్కచోట పోరుకు ఒక్కొక్క అర్థం. ఒకచోట దైవానికి నెత్తురు, ఒకచోట సంతసందడి, ఒకచోట విరహానికి ఉపమానం. తెలుగులో దానికి దక్కిన ప్రత్యేకార్థం వలస, వినాశం. మనది అని చెప్పుకోవాలంటే ఈ అర్థాన్నే మనదని చెప్పుకోవాలి.

చట్టం సంగతి కూడా ఒక మాట. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం జంతువులను పోరుకు ఉసిగొల్పడాన్ని, అందుకు స్థలం ఏర్పాటుచేయడాన్ని నేరంగా పేర్కొంటుంది. డబ్బు కాస్తే జూద నిరోధక చట్టమూ వర్తిస్తుంది. తమిళనాడు జల్లికట్టుకు, కర్ణాటక కంబళకు, మహారాష్ట్ర ఎడ్లబండ్ల పందేలకు అనుమతిస్తూ చేసిన సవరణలను 2023 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. ఆ మూడు రాష్ట్రాల్లోనూ తెలుగువారున్నారు. వారిలో కొందరు సహజంగానే, ఎద్దుకు ఇచ్చినది కోడికి ఎందుకివ్వరని అడుగుతారు. ఆ తీర్పు కోడిపందేలను గురించినది కాదు. ఎద్దును లొంగదీయడానికీ, ఒక ప్రాణి కాలికి కత్తి కట్టి మరో ప్రాణిని చంపించడానికీ ఉన్న భేదం చిన్నదీ కాదు. సంప్రదాయం పేర మినహాయింపు అడిగేవారు ముందు ఆ సంప్రదాయాన్ని చదివి అడగాలన్నది మా మనవి. చదివితే, వారు పిలిచిన సాక్షులే వారికి ఎదురు చెబుతారు.

తెల్లవారే సంగతి

బరి బయట కూడా తెలుగుకోడి బతుకు చాలా పెద్దది. కోడికూత మనకు గడియారం, తొలికోడి మనకు ముహూర్తం. అహల్య కథను జనం చెప్పుకునే తీరులో ఇంద్రుడు వేళకాని వేళ కోడై కూసి గౌతముడిని ఏటికి పంపాడు. యానాం విద్యార్థులకు దగ్గరలోనే ఉన్న పిఠాపురంలో శివుడు కుక్కుటేశ్వరుడు. గయాసురుడి కథలో లోకరక్షణ కోసం వేళకు ముందే కోడై కూసినవాడు ఆయనే. ఈ కథల్లో కోడికి ఉన్నది గొంతు. మంచికైనా చెడ్డకైనా అది కూస్తే లోకం కదులుతుంది. బరిలోని కోడికి గొంతుతో పని లేదు. దానికి ఉన్నది కాలికి కట్టిన కత్తి మాత్రమే. తెలుగు భాష కోడిని తలచుకునే తీరులో కూతే ఎక్కువ, కత్తి తక్కువ.

మన పూర్వులు పందెంలో ఓడి ఈ నేలలకు రాలేదు. కొందరు సైన్యాల వెంట, కొందరు మగ్గాలతో, కొందరు నాగళ్ళతో, కొందరు వర్తకంతో వచ్చారు. అయినా ఊరు విడవడం అంటే ఏమిటో వారి సంతతికి కొంత తెలుసు. కోడి ఓడిన మర్నాడు మాచర్ల నుంచి బయలుదేరినవారి వైపు నుంచి పల్నాటి కథను చదవడం మనకు సాధ్యమయ్యేది అందువల్లనే. బరి గట్టున కూర్చొని చూసేవారికి ఆ దారి కనబడదు.

చిన్నప్పుడు అందరం విన్న ముసలమ్మ కథ ఒకటుంది. తన కోడి కూయకపోతే, తన కుంపటి లేకపోతే ఊరికి తెల్లవారదని నమ్మి, ఊరివారి మీద అలిగి ఆ రెంటినీ తీసుకొని అడవికి పోయింది. ఊరికి మామూలుగానే తెల్లవారింది. బరి లేకపోతే పండుగ లేదనీ, పందెం లేకపోతే తెలుగుతనం లేదనీ అనేవారిది ఆ ముసలమ్మ ధోరణి. షోలాపురం మగ్గాల వాడలోను, హోసూరు పల్లెల్లోను, రాయగడ వీధుల్లోను కత్తికట్టిన పుంజు ఏదీ లేకుండానే తెలుగు మాట రోజూ నిద్ర లేస్తోంది.